పాస్‌వర్డ్‌కు ఒక దత్తపది

హైదరాబాద్ శివారు బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలంలో 1994లో 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు, 2025లో 35 లక్షలు పలికింది. నిమజ్జనం రోజు పొద్దున బొడ్రాయి దగ్గర వేలంపాట మొదలయ్యేసరికి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా టీవీల ముందు ఇదే లెక్క నడుస్తుంది. పోయినేడు ఎంతకు పోయింది, ఈ ఏడు ఎంత దాటుతుంది అని. ఈ అంకెలను ఎవరూ కూర్చుని బట్టీ పట్టరు. ఊరు, దేవుడు, పండుగ, పాట, పంతం అన్నీ కలిసి ఒక కథ అయ్యాయి కాబట్టి అవి వాటంతట అవే మనసులో నిలిచిపోతాయి. కొత్త ఖాతా తెరిచి పాస్‌వర్డ్ పెట్టాల్సి వచ్చినప్పుడు మనసు వెతుక్కునేది కూడా ఇలాంటి చోటే. ఊరి పేరు, పక్కన @ గుర్తు, ఆ పక్కన ఒక సంవత్సరం. కాదంటే పిల్లల పేరు, ఇంటి దేవుడి పేరు, బండి నంబరు, పెళ్లిరోజు. గుర్తుండడానికి ఇంతకంటే మంచివి లేవు. దాచుకోవడానికి ఇంతకంటే పనికిరానివీ లేవు. లడ్డూ ధర మనకెందుకు గుర్తుందో ఊరందరికీ అందుకే గుర్తుంది.

ఇక్కడి నుంచి చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. గుర్తుండే పాస్‌వర్డ్ భద్రం కాదు, భద్రమైన పాస్‌వర్డ్ గుర్తుండదు, రెండూ కలవవు అని. అలా అనుకుని ఏదో ఒకటి పెట్టేస్తారు, లేదా ఒకే పాస్‌వర్డ్‌ను పదిచోట్ల వాడతారు. ఈ నిర్ణయం తప్పని నా వాదన. పాస్‌వర్డ్‌లో రెండు పనులున్నాయి. ఒకటి ఎంచడం, రెండోది గుర్తుపెట్టుకోవడం. మనం ఈ రెండింటినీ ఒకే మనసుకు అప్పజెప్పడం వల్ల చిక్కు వచ్చింది. ఎంచే పనిని మనసు చేతిలోంచి తీసి చీటీలకో పాచికకో ఇచ్చేసి, గుర్తుపెట్టుకునే పని మాత్రం మనసుకు వదిలితే రెండూ కుదురుతాయి. తెలుగువాళ్లకు ఇది కొత్త విద్య కూడా కాదు. అవధాన సభల్లో నిత్యం జరుగుతున్నదే.

ముందు ముప్పు ఎంతటిదో చూద్దాం. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారం బయటికి పోయింది. ఆపదలో ఉన్న మహిళలు మీట నొక్కితే సాయం అందాలని, పౌరులు ఫిర్యాదులు పంపాలని తెచ్చిన యాప్ అది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే ఆడపిల్లలు రాత్రిపూట ఆటో ఎక్కేటప్పుడు ఫోన్‌లో ఉండాలని పోలీసులే ప్రచారం చేసినటువంటిది. దాదాపు 2 లక్షల మంది వివరాలు ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చాయి. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి, కొద్దిరోజుల్లోనే ఒక యువకుడిని అరెస్టు చేసింది. ఎలా చొరబడ్డాడన్నదానికి పోలీసులు చెప్పిన అనుమానం ఒక్కటే: బలహీనమైన పాస్‌వర్డో, అప్పటికే పరుల చేతిలో పడిన పాస్‌వర్డో దారి ఇచ్చి ఉండొచ్చని. భద్రత కోసం పుట్టిన యాప్‌కే ఈ గతి పట్టిందంటే, ఎక్కడో ఒక ఉద్యోగి పెట్టుకున్న నాలుగు అక్షరాల మీద ఎంతమంది బతుకులు ఆధారపడి ఉన్నాయో ఊహించుకోవచ్చు. పాస్‌వర్డ్ నా సొంత విషయం, పోతే నాదే పోతుంది అనుకోవడానికి లేదు.

దొంగ మన ఖాతా ముందు కూర్చుని ఒక్కొక్క మాటా కొట్టి చూస్తాడని చాలామంది ఊహ. అలా చేస్తే మూడు నాలుగు తప్పులకే ఖాతా మూసుకుపోతుంది. అసలు జరిగేది వేరు. ఏదో ఒక వెబ్‌సైట్ నుంచి ఖాతాల పట్టిక మొత్తం దొంగతనమవుతుంది. అందులో పాస్‌వర్డ్‌లు సాధారణంగా నేరుగా ఉండవు, ఒక్కొక్కదానికీ గణితంతో తీసిన ముద్ర ఉంటుంది. 2009లో రాక్‌యూ అనే సంస్థ ఆ ముద్ర కూడా వేయకుండా దాచింది. 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టు బయటపడ్డాయి. వాటిలో దాదాపు 2 లక్షల 90 వేలు 123456. ఆ పట్టిక ఇవాళ దొంగలందరికీ పెద్దబాలశిక్ష. మనుషులు ఎలా ఎంచుతారో వాళ్లు దానిలో నేర్చుకున్నారు. పేరులో మొదటి అక్షరం పెద్దది, చివర @, ఆ తర్వాత 123 లేదా సంవత్సరం, ఎస్ బదులు డాలరు గుర్తు, ఓ బదులు సున్నా. మనం తెలివిగా చేశామనుకున్న ప్రతి మార్పూ వాళ్ల దగ్గర సూత్రంగా రాసి ఉంది. ముద్రల పట్టికను ఇంట్లో పెట్టుకుని, ఆటల కోసం అమ్మే ఆర్‌టీఎక్స్ 4090 అనే ఒక్క గ్రాఫిక్స్ కార్డు పెట్టి, ఎండీ5 లాంటి పాత పద్ధతి ముద్రలైతే సెకనుకు 16 వేల కోట్లకు పైగా ఊహలను సరిచూడొచ్చు. ఆ వేగం ముందు పెళ్లిరోజు ఎంతసేపు నిలుస్తుంది?

ఇలా పెట్టుకున్నందుకు జనాన్ని తిట్టడం న్యాయం కాదు. నేర్పినవాళ్లే అలా నేర్పారు. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ అనే అధికారి ఒక మార్గదర్శక పత్రం రాశారు. పెద్దక్షరం, అంకె, గుర్తు కలపాలని, తరచూ మార్చాలని లోకమంతా పట్టుకున్న నియమాలకు మూలం అదే. మన బ్యాంకుల్లో, ప్రభుత్వ సైట్లలో ఎర్ర అక్షరాలతో కనబడే ఆ షరతులు అక్కడి నుంచి వచ్చినవే. 2017లో ఆయనే, తాను అప్పుడు చేసిన వాటిలో చాలావాటికి ఇప్పుడు విచారిస్తున్నానని వాల్ స్ట్రీట్ జర్నల్‌కు చెప్పారు. అదే ఏడాది నిస్ట్ ఆ నియమాలను పక్కన పెట్టింది. 2025లో వచ్చిన కొత్త కూర్పు మరింత గట్టిగా చెబుతోంది: అక్షరాల మిశ్రమం అడగనే కూడదు, కారణం లేకుండా గడువు పెట్టి మార్పించకూడదు, పాస్‌వర్డ్ ఒక్కటే కాపలాగా ఉన్నచోట కనీసం 15 అక్షరాలుండాలి. తరచూ మార్చడం ఎందుకు పనిచేయదో 2010లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. పాత పాస్‌వర్డ్ తెలిస్తే చాలు, 17 శాతం ఖాతాల్లో కొత్తది ఐదు ప్రయత్నాల్లోపే దొరికింది. చివరి 1ని 2 చేయడం మనందరికీ తెలిసిన ఉపాయమే కదా.

మనకు ఇంకా దగ్గరి పాఠం ఒకటుంది. ఈ-ఆధార్ ఫైలు తెరవాలంటే పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం కొట్టాలి. సురేశ్ 1990లో పుడితే ఎస్, యూ, ఆర్, ఇ, ఆపైన 1990. గుర్తుంటుంది, నిజమే. కానీ ఆ ఫైలు ఎవరి చేతిలో పడినా అది ఎవరిదో సాధారణంగా తెలిసే ఉంటుంది, ఇక మిగిలింది సంవత్సరం. నూరేళ్లలోపు మనిషి ఎవరైనా సరే, నూరు ప్రయత్నాలు. వయసు ఉజ్జాయింపుగా తెలిస్తే పది. దేశంలో కోట్లమంది చేతికి వచ్చిన పాస్‌వర్డ్ ఇది. పాస్‌వర్డంటే పేరూ పుట్టినేడూ అని ప్రభుత్వమే పలక మీద దిద్దించింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉన్న నెట్ సెంటర్లలో ఉద్యోగ దరఖాస్తు నింపేవాళ్లు అభ్యర్థికి కొత్త మెయిల్ తెరిచి, అదే పద్ధతిలో పాస్‌వర్డ్ పెట్టి, దరఖాస్తు కాగితం మూలన రాసి ఇస్తుంటారు. ఆ మెయిల్‌కే రేపు హాల్‌టికెట్ వస్తుంది, ఎల్లుండి బ్యాంకు ఖాతా ముడిపడుతుంది.

మరి మంచి పాస్‌వర్డ్ ఏది? లెక్క చూద్దాం. కీబోర్డు మీది 95 గుర్తుల నుంచి ఎనిమిదింటిని పూర్తిగా లాటరీ తీసినట్టు ఏరి పెట్టారనుకోండి. ఎవరికీ గుర్తుండనంత కష్టమైనది. అయినా ఆ ఒక్క గ్రాఫిక్స్ కార్డు వేగానికి, పాత పద్ధతి ముద్ర అయితే, పదకొండు గంటల్లో అన్ని కూర్పులూ అయిపోతాయి. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన వేరే దారి చూపారు. 7,776 మామూలు మాటల పట్టిక ఒకటి తయారు చేశారు. ఆ సంఖ్య ఎందుకంటే, ఆరు ముఖాల పాచికను ఐదుసార్లు వేస్తే వచ్చే వరసలు సరిగ్గా అన్ని. ఐదుసార్లు వేస్తే ఒక మాట దొరుకుతుంది. అలా తీసిన నాలుగు మాటలు ఆ కార్డుకు ఆరు గంటల పని. ఐదు మాటలైతే ఐదున్నరేళ్లు. ఆరు మాటలైతే 42 వేల ఏళ్లు. ఒక్కొక్క మాట కలిపినప్పుడల్లా కాలం 7,776 రెట్లు పెరుగుతుంది. ఇందులో ఇంకో విశేషం ఉంది. పట్టిక రహస్యం కాదు. దొంగ చేతిలోనూ అదే పట్టిక ఉండొచ్చు, మనం ఆరు మాటలే తీశామనీ అతనికి తెలియొచ్చు. అన్నీ తెలిసినా 42 వేల ఏళ్లే. పేరూ ఊరూ పెట్టుకున్న పాస్‌వర్డ్ బలం, మన గురించి ఎదుటివాడికి తెలియకపోవడం మీద నిలబడుతుంది. ఈ పాస్‌వర్డ్ బలం పాచిక మీద నిలబడుతుంది.

ఒకదానికొకటి సంబంధం లేని ఆరు మాటలను గుర్తుపెట్టుకోవడం ఎలా అన్న ప్రశ్నకు జవాబు మన సాహిత్యంలోనే ఉంది. అష్టావధానంలో దత్తపది అనే అంశం ఉంటుంది. పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు మాటలిస్తాడు. ఒక్కోసారి తెలుగు కానివి కూడా ఇచ్చి, వీటితో భారతార్థంలో పద్యం చెప్పమంటాడు. మాటలు ఎంచుకునే హక్కు అవధానికి లేదు. వాటిని కలిపే అర్థం మాత్రం పూర్తిగా అతనిదే. అర్థం కుదిరిందా, పద్యం అతని మనసులో నాటుకుపోతుంది. గంటల తర్వాత, మధ్యలో ఎన్ని అప్రస్తుత ప్రసంగాలు అడ్డుతగిలినా, ధారణ సమయానికి తడుముకోకుండా అప్పజెబుతాడు. తిరుపతి వేంకట కవులు నూరుమంది పృచ్ఛకుల మధ్య శతావధానాలు చేసింది ఈ దారిలోనే. అదే సభలో వ్యస్తాక్షరి కూడా ఉంటుంది. ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, అప్పుడొకటి అప్పుడొకటి అందిస్తారు, అవధాని చివర కూర్చి చెప్పాలి. దానికి సాధన కావాలి, అందరివల్లా కాదు. అక్కడైనా చివరికి ఒక వాక్యం తేలుతుంది. బ్యాంకు సైట్లు మనల్ని అడిగే అక్షరాలు, అంకెలు, గుర్తుల కలగాపులగం ఏ వాక్యానికీ చేరని వ్యస్తాక్షరి. మామూలు మనిషి మీద అంత భారం వేసి, మోయలేకపోయాడని తప్పు పట్టడమే ఇరవై ఏళ్లుగా జరుగుతున్నది. మనకు కావలసింది దత్తపది. పాచిక పృచ్ఛకుడు, మనం అవధానులం.

ఒక ఉదాహరణ చూద్దాం. చీటీల్లో వరసగా నిచ్చెన, మజ్జిగ, గొంగడి, తపాలా, నెమలి, సున్నం వచ్చాయనుకోండి. వరస మార్చకూడదు, నచ్చని మాటను పక్కన పెట్టి బాగున్నది తీసుకోకూడదు. కథ మాత్రం ఎంత విడ్డూరంగా ఉంటే అంత మంచిది. నిచ్చెన మీద కూర్చుని మజ్జిగ తాగుతున్న తాత గొంగడిని తపాలా వాడు పట్టుకుపోయి నెమలికి కప్పితే, ఆ నెమలి పోయి సున్నం గోడకు ఒరుసుకుంది. కళ్లు మూసుకుని ఒకసారి ఆ బొమ్మను చూడండి. రేపు పొద్దున మళ్లీ తలుచుకోండి, మూడోరోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి. ఆ తర్వాత అది పోదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే నలభై అక్షరాల దాకా అవుతుంది, అయినా వేళ్లు తడబడవు, ఎందుకంటే వేళ్లు కొడుతున్నది అక్షరాలను కాదు, మాటలను. పత్రికలో అచ్చయింది కాబట్టి ఈ ఆరు మాటలూ ఇక ఎవరికీ పనికిరావు. చీటీలు మీరే తీయాలి.

మాటలు లాటరీలోనే ఎందుకు రావాలి, నాకు నచ్చినవి నేను ఎంచుకుంటే ఏమవుతుంది అని అడిగేవారుంటారు. ఇంకొందరు మరో అడుగు ముందుకేసి, పోతన పద్యంలో మొదటి పాదమో సినిమా పాట పల్లవో పెట్టుకుంటే పొడవుకు పొడవు, జ్ఞాపకానికి జ్ఞాపకం కదా అంటారు. వినడానికి బాగుంది. కానీ మనకు కంఠతా వచ్చిన పద్యం కోట్లమందికి కంఠతా వచ్చు. పాటల సాహిత్యమంతా ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కూడా దొరుకుతుంది, దాన్ని దొంగ తన పట్టికలో చేర్చుకోవడానికి ఒక పూట పట్టదు. సొంతంగా ఎంచిన మాటల సంగతీ అంతే. జోసెఫ్ బోనో, ఎకతెరీనా షుతోవా అనే పరిశోధకులు 2012లో జనం ఎంచుకున్న పదబంధాలను పరిశీలించారు. సినిమా పేర్లు, ఆటల జట్లు, నిత్యం వాడుకలో కలిసి వచ్చే జంటమాటల వైపే మనసు మొగ్గుతుందని తేలింది. మనం చెట్టు అనగానే పక్కన పుట్ట వస్తుంది, పప్పు అనగానే అన్నం వస్తుంది. భాష మనలో అలా ఇంకిపోయింది. భాష అందమే అది, రహస్యానికి శత్రువూ అదే. నాకు తోచిందే ఎవరికీ తోచదనుకోవడం మనిషికి సహజం. ఒకే బడిలో, ఒకే గుడిలో, ఒకే థియేటర్‌లో పెరిగిన లక్షలమందికి తోచేవి దాదాపు ఒకేలా ఉంటాయి.

తెలుగు మాటలు అనగానే వచ్చే గట్టి అభ్యంతరం ఒకటుంది. దాన్ని దాటవేయలేం. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఒక స్థిరమైన పద్ధతి లేదు. తలుపు అనే మాటకు ఒకరు టీ పెడతారు, ఇంకొకరు టీ పక్కన హెచ్ పెడతారు. దీర్ఘానికి ఒకరు రెండు ఏలు రాస్తారు, ఇంకొకరు ఒకటే. వ అక్షరానికి వి రాసేవారు కొందరు, డబ్ల్యూ రాసేవారు కొందరు. పాస్‌వర్డ్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా తలుపు తెరుచుకోదు. అలాగని నేరుగా తెలుగు లిపిలో కొడదామంటే అనేక సైట్లు ఒప్పుకోవు, ఒప్పుకున్నా రేపు వేరే కంప్యూటర్ ముందు తెలుగు కీబోర్డు ఉండకపోవచ్చు. క్షా అనే ఒక్క అక్షరం వెనక కంప్యూటర్ దాచేవి నాలుగు సంకేతాలని మనకు కనబడదు కూడా. అందుకని ఇంగ్లీషు అక్షరాలే దారి. స్పెల్లింగు చిక్కు నిజమే గానీ, తీర్చలేనిది కాదు. రోజూ వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే మనిషికి తన అలవాటు తనకుంటుంది. తలుపును ఇవాళ ఒకలా రేపు ఒకలా రాయడు. ఆ అలవాటునే నియమం చేసుకుంటే సరిపోతుంది. అనుమానమున్న మాట వస్తే వదిలేసి ఇంకో చీటీ తీయొచ్చు. నచ్చలేదని వదిలేయడం వేరు, రాయడం తెలియదని వదిలేయడం వేరు.

అసలు పాస్‌వర్డ్‌లు ఎవరు పగలగొడుతున్నారు, మనుషులే తమంతట తాము ఇచ్చేస్తున్నారు కదా అన్నది అన్నిటికంటే బలమైన వాదన. డిజిటల్ అరెస్టు అని బెదిరించి డబ్బు లాగే ముఠాలకు మన పాస్‌వర్డ్‌తో పనే లేదు. హైదరాబాద్‌లోని మహేశ్ సహకార బ్యాంకు నుంచి 2022 జనవరిలో 12 కోట్ల 48 లక్షల రూపాయలు పోయాయి. దానికి మూలం, అంతకు రెండు నెలల ముందు ఉద్యోగులకు వచ్చిన మోసపు మెయిళ్లు. వాటిని తెరవడంతో దొంగలు లోపలికి వచ్చేశారు. అలాంటి చోట ఆరు మాటల పాస్‌వర్డ్ ఉన్నా ఉపయోగం లేదని ఒప్పుకోవాలి. అయితే అదే కేసులో, అన్ని అధికారాలూ ఉండే సూపర్ యూజర్ ఖాతాలు అవసరానికి మించి పది దాకా ఉండడాన్ని, వాటిలో కొన్నిటికి ఒకే పాస్‌వర్డ్ ఉండడాన్ని కూడా పోలీసులు ఎత్తి చూపారు. ఒక తాళంచెవి పోతే ఒక గది పోవాలి గానీ ఇల్లంతా పోకూడదు. ఓటీపీ ఉందిగా అనేవారికి కూడా ఇదే జవాబు. ఓటీపీ మంచి కాపలా, కాదనను. కానీ అది వచ్చేది ఫోన్‌కు, ఫోన్ తెరిచేది పిన్‌తో. ఏ ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయినా కొత్తది పెట్టుకునే లింకు వచ్చేది మెయిల్‌కు. ఆ మెయిల్ తాళం బలహీనమైతే మిగతా తాళాలన్నీ దాని వెంటే పోతాయి.

అందువల్ల ప్రతి ఖాతాకూ ఆరు మాటలు గుర్తుపెట్టుకోమని నేను అనడం లేదు. మనిషి జ్ఞాపకం మీద మోపదగినవి రెండే: మెయిల్ పాస్‌వర్డ్, పాస్‌వర్డ్‌లు దాచే మేనేజర్ యాప్ పాస్‌వర్డ్. మిగతావాటిని ఆ యాప్‌కు వదిలేస్తే ఒక్కొక్క సైటుకు ఒక్కొక్క కలగాపులగం అదే పుట్టిస్తుంది, అదే గుర్తుపెట్టుకుంటుంది. సైట్లు పెద్దక్షరం, అంకె, గుర్తు అడిగితే అడగనివ్వండి, అది చూసుకుంటుంది. పెద్దవాళ్లకు యాప్‌లు చేతకావంటారు. అలాంటివారు కాగితం మీద రాసి బీరువాలో పట్టుచీరల మడతలో పెట్టుకోవచ్చు. భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నైయర్ 2005లోనే చెప్పారు, గట్టి పాస్‌వర్డ్ పెట్టి కాగితం మీద రాసి పర్సులో దాచుకోండని. ఎక్కడో సముద్రానికి అవతల కంప్యూటర్ ముందున్న దొంగ బాలాపూర్‌లో బీరువా తెరవలేడు. తరతరాలుగా నగలు, దస్తావేజులు కాపాడుకున్న చోట ఒక కాగితాన్ని కాపాడుకోవడం మన ఇళ్లలో ఆడవాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. నెట్ సెంటర్ గోడ మీద, దరఖాస్తు మూలన రాయడానికీ దీనికీ పోలికే లేదు.

పిన్ సంగతి కొంచెం వేరు. నాలుగు అంకెలే కాబట్టి మాటలు కుదరవు. 2012లో వచ్చిన ఒక విశ్లేషణలో, బయటపడిన నాలుగంకెల పిన్‌లలో దాదాపు 11 శాతం 1234 అని తేలింది. 19తో మొదలయ్యేవి, అంటే పుట్టినేళ్లు, ఇంకెన్నో. ఇక్కడ కూడా అంకెలను చీటీలతోనే తీయాలి, గుర్తుకు కటపయాది ఉంది. సంగీతం నేర్చుకున్నవారికి ఇది తెలిసిందే. మేచకల్యాణి అనగానే మ అయిదు, చ ఆరు, తిరగేస్తే 65వ మేళకర్త. క, ట, ప, య ఒకటి. అక్కడి నుంచి వర్గాక్షరాలు వరసగా పెరుగుతూ పోతాయి, న సున్నా. మేళకర్తలో లాగా తిరగేయకుండా నేరుగా చదువుకుందాం. చీటీల్లో 6, 2, 0, 6 వచ్చాయనుకోండి. చ ఆరు, ర రెండు, న సున్నా, త ఆరు. చీర నేత. పోచంపల్లి మగ్గం కళ్ల ముందు మెదిలిందంటే ఆ పిన్ ఇక మరిచిపోయేది కాదు. మాట నుంచి అంకెకు పోతే మళ్లీ కల్యాణి, గణపతి దగ్గరే తేలుతాం. అంకె నుంచి మాటకు రావాలి, అది మాత్రం తప్పకూడదు.

చీటీలు ఎక్కడి నుంచి తేవాలి? ఇవాళ్టికి ఇంట్లో ఉన్న తెలుగు నిఘంటువు చాలు. సున్నా నుంచి తొమ్మిది దాకా పది చీటీలు రాసి డబ్బాలో వేసి కుదపండి. మూడుసార్లు తీస్తే పేజీ, నాలుగోసారి తీస్తే ఆ పేజీలో ఎన్నో మాట. తీసిన చీటీని ప్రతిసారీ మళ్లీ డబ్బాలో వేసి కలపాలి. అర్థం తెలియని మాట వస్తే వదిలేయండి. వెయ్యి పేజీల నిఘంటువులో అలా సగం వదిలేసినా, మిగిలినవాటిలోంచి తీసిన ఆరు మాటలకు ముందు చెప్పిన గ్రాఫిక్స్ కార్డుతో మూడు వేల ఏళ్లు పడుతుంది. నిఘంటువు లేని ఇళ్ల కోసం, అందరికీ తెలిసిన 7,776 తెలుగు మాటలు, ఒక్కొక్కదానికి ఒకే ఇంగ్లీషు స్పెల్లింగు ఉన్న పట్టిక ప్రతి మీసేవ కేంద్రంలో, ప్రతి బ్యాంకు శాఖలో, ప్రతి కోచింగ్ సెంటర్ నోటీసు బోర్డు మీద దొరకాలి. మాటలు ఏరే పని సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయం తీసుకోవాలి, ఊరూరా పంచే పని తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో తీసుకోవాలి. మొత్తం కలిపి ఒక చిన్న పుస్తకమంత. గొంగడి, బొడ్రాయి, కడవ, నిచ్చెన లాంటి మాటలు అందులో ఉండాలి, రాయలసీమవీ కోస్తావీ ఉండాలి. బ్యాంకులు తమ సైట్లలో పాస్‌వర్డ్ ఇరవై అక్షరాలు దాటకూడదన్న షరతులుంటే ఎత్తేయాలి. ఆధార్ సంస్థ ఫైలుకు పేరూ పుట్టినేడూ తాళంగా పెట్టడం మానేసి, ఆ తాళం ఎంచుకునే వీలు పౌరుడికే ఇవ్వాలి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఈలోగా మీరు ఒక పని చేయండి. ఈ రాత్రి భోజనాలయ్యాక పది చీటీలు రాసి, మీ మెయిల్ కోసం ఆరు మాటలు తీయండి.